సెర్వాస్: రెండు రాత్రుల పరిచయాలు

ఒంటరిగా ఊళ్ళు తిరిగే నా ఈడు వాళ్ళ దగ్గర సెర్వాస్ అనే ఆతిథ్య సంస్థ పేరెత్తితే తెల్లమొహం వేస్తారు. వాళ్ళకు అలవాటైనవి ఫోనులోని యాప్‌లు. నొక్కితే బస, నొక్కితే కారు, నొక్కితే తోడు. సెర్వాస్‌లో అలా నొక్కగానే వచ్చేది ఏమీ లేదు. ముందు దరఖాస్తు పెట్టుకోవాలి, ఇంటర్వ్యూకు కూర్చోవాలి, పరిచయ లేఖ సంపాదించాలి, ఆ తర్వాత ముక్కూ ముఖం తెలియని వాళ్ళకు ఉత్తరాలు రాసి జవాబు కోసం ఎదురుచూడాలి. ఇంత తతంగం అయ్యాక దక్కేది ఒకరి ఇంట్లో రెండు రాత్రుల ఆతిథ్యం. వాళ్ళు డబ్బు అడగరు, మనం ఇవ్వకూడదు.

ఇంత చాదస్తంగా నడిచే సేవను నేను మెచ్చుకోబోతున్నాను కాబట్టి కారణాలు కాస్త విపులంగానే చెప్పుకోవాలి.

దేని కోసం తిరుగుతానో ముందే చెబితే ఈ సమీక్ష మీకు పనికివస్తుందో లేదో తేలిపోతుంది. కట్టడాలు, జలపాతాలు, ఫొటోలు నాకు రెండో మాట. అక్కడ నాతో మాట్లాడిన మనిషిని బట్టే ఏ ఊరైనా నాకు గుర్తుంటుంది. చిక్కేమిటంటే, దారిలో కలిసేవాళ్ళలో ఎక్కువమంది నాలాగా తిరిగేవాళ్ళే. హాస్టల్ గదిలో పై మంచం మీద పడుకునే అమ్మాయి, బస్సులో పక్క సీటు కుర్రాడు. వాళ్ళతో మాటలు ఎంత సులువుగా కలుస్తాయో అంత సులువుగానూ తెగిపోతాయి. ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు, ఎన్నాళ్ళు ఉంటావు: ఈ మూడు ప్రశ్నలు పూర్తయ్యేసరికి ఎవరి బస్సు వాళ్ళకు వచ్చేస్తుంది. అలా కాకుండా ఒక ఊళ్ళో బతికే మనిషిని, పొద్దున్నే కిటికీ తెరిచే దగ్గర నుంచి రాత్రి తలుపు గడియ పెట్టే దాకా, వాళ్ళ ఇంట్లోనే ఉండి చూడాలంటే దారేది? హోటల్‌లో అది దొరకదు. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు, నిజమే. కానీ ఆ నోరు విప్పడానికి ముందు ఒక తలుపు తెరుచుకోవాలి కదా.

ఆ తలుపు తెరిపించే పని సెర్వాస్ 1949 నుంచి చేస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి నాలుగేళ్ళు. బాబ్ లూయిట్‌వైలర్ అనే అమెరికన్ యువకుడు డెన్మార్క్‌లో కొందరు మిత్రులతో కలిసి దీన్ని మొదలుపెట్టాడు. ఒక దేశపు మనిషి మరో దేశపు మనిషి ఇంట్లో ఉండి, వాళ్ళ పనిలో ఓ చెయ్యి వేసి, తీరిగ్గా మాట్లాడుకుంటే శాంతికి అదే పునాది అన్నది వాళ్ళ నమ్మకం. ఇప్పుడు వందకు పైగా దేశాల్లో సభ్యులున్నారు. ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలిలో సంప్రదింపుల హోదా కూడా ఉంది. ఇవి కరపత్రంలో రాసుకునే గొప్పలు, వాటితో నాకు పెద్దగా పని లేదు. నాకు కావలసిన విషయం ఒక్కటే: ఈ సంస్థ దృష్టిలో మాట్లాడుకోవడం అసలు పని, పడక దానికి ఒక సాకు. నియమాలన్నీ ఆ మూలం నుంచే వచ్చాయి. యాప్‌లలో వ్యవహారం సరిగ్గా దీనికి తలకిందులు.

ఇక ఇంటర్వ్యూ. నన్ను ఇంటర్వ్యూ చేసినావిడ లెక్కల టీచరుగా పదవీ విరమణ చేశారు. ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళజోడు సర్దుకుని, నా దరఖాస్తులోని ప్రతి వాక్యం కింద వేలు పెట్టి చదివారు. ‘కొత్త మనుషులను కలవడం ఇష్టం’ అని నేను రాసిన చోట వేలు ఆగింది.

“ఇది అందరూ రాస్తారమ్మా. హోటల్‌కు సరిపడా డబ్బు నీ చేతిలో ఉందనుకో. అప్పుడు కూడా మావాళ్ళ ఇంటికే వెళ్తావా?”

“వెళ్తానండి.”

“అంత తొందరెందుకు? ఆలోచించి చెప్పు.”

ఆలోచించాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, నా వంక తిరగకుండా, ఎంతసేపైనా ఆగేలా కూర్చున్నారు. చివరికి, “బాగా అలిసిపోయిన రోజు హోటల్‌కు వెళ్తానండి, మాట్లాడే ఓపిక ఉన్న రోజు మీవాళ్ళ ఇంటికి వెళ్తాను” అన్నాను.

“అదీ మాట. అలిసిపోయి వెళ్తే వాళ్ళకు నీ నిద్రమొహం తప్ప ఏం కనబడుతుంది?” అంటూ కాగితం మీద ఏదో రాసుకున్నారు.

తర్వాతి ప్రశ్నలూ ఇలాంటివే. ఆ ఇంటివాళ్ళ నమ్మకాలు నీకు అస్సలు గిట్టనివైతే ఏం చేస్తావు? వాళ్ళ ఇల్లు నీ లెక్కన శుభ్రంగా లేకపోతే? మీ ఊళ్ళో నువ్వు రోజూ చేసే పని గురించి, విసుగు పుట్టించకుండా, పావుగంట చెప్పగలవా? ఆ చివరి ప్రశ్నకు నిజంగానే పావుగంట చెప్పించారు. మధ్యలో రెండుసార్లు, “ఇక్కడ నాకు విసుగొచ్చింది” అన్నారు కూడా. ఏ యాప్ ఇంత మొహమాటం లేకుండా మాట్లాడుతుంది చెప్పండి.

ఆ తర్వాత పరిచయ లేఖ చేతికి వస్తుంది. ఫొటో, మన గురించి మనం రాసుకున్న పరిచయం, సంస్థ ఆమోదం. గడువు తీరాక మళ్ళీ తీసుకోవాలి. దీన్ని హోస్టుకు, అంటే మనకు ఆతిథ్యమిచ్చే సభ్యులకు, చూపించాలి. కాగితం తంతు అని తీసిపారేయకండి. కొత్త ఇంట్లో అడుగుపెట్టిన మొదటి ఐదు నిమిషాలు ఉంటాయే, బ్యాగు ఎక్కడ పెట్టాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ఆ ఇరకాటపు ఐదు నిమిషాలు, అవి ఈ లేఖ చదవడంలో గడిచిపోతాయి. వాళ్ళు చదువుతారు, మనం గది చూస్తాం, వాళ్ళు తలెత్తేసరికి అడగడానికి ఒక ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. సంస్థ దీన్ని భద్రత కోసం పెట్టింది, నాకు మాత్రం మాట కలపడానికే ఎక్కువగా అక్కరకు వచ్చింది.

హోస్టుల జాబితాలో ఒక్కొక్కరి పేరు కింద వాళ్ళ భాషలు, వృత్తి, అభిరుచులు, ఎంతమందికి చోటుంది, ఎన్ని రోజుల ముందు చెప్పాలి వంటి వివరాలుంటాయి. వాటిని చదవడమే సగం ప్రయాణం. నలుగురికీ ఒకే ఉత్తరం నకలు తీసి పంపితే పని జరగదు. జరగకూడదు కూడా. వాళ్ళు రాసుకున్న దానిలో మనకు నిజంగా కుతూహలం కలిగించిన ఒక్క ముక్క పట్టుకుని దాని గురించి అడగాలి. ‘మీ ఊరు చాలా అందమైనదని విన్నాను’ లాంటి వాక్యం రాసేకంటే ఊరికే ఉండటం నయం. ఒకాయన తన అభిరుచుల దగ్గర ‘పాత కుట్టుమిషన్లు’ అని రెండే మాటలు రాశాడు. ఏళ్ళ తరబడి మూలపడి బిగుసుకుపోయిన మిషన్‌ను మొదట ఎక్కడి నుంచి కదిలిస్తారని రాసి అడిగాను. జవాబుగా ఒక ఫొటో వచ్చింది: పాత గుడ్డ మీద విప్పదీసి వరుసగా పేర్చిన మరలు, పక్కనే నూనె డబ్బా. కింద, నేను రావలసిన తేదీ.

ఈ ఒక్క ఇంటి గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. సెర్వాస్ వల్ల ఒరిగేది ఏమిటో నాకు అక్కడే బాగా తెలిసింది.

ఆ పెద్దాయనకూ నాకూ కలిసిన భాష లేదు. ఆయనకు వచ్చిన ఇంగ్లిషు ఇరవై ముప్పై మాటలు ఉంటుందేమో, వాటిలో సగం మిషన్ భాగాల పేర్లే. మొదటి రాత్రి అనువాదం చేసే యాప్‌ను బల్ల మీద మధ్యలో పెట్టుకుని మాట్లాడుకున్నాం. ఆయన ఫోనుతో మాట్లాడతాడు, ఫోను నాతో మాట్లాడుతుంది, నేను ఫోనుతో మాట్లాడతాను. పిల్లలెందరు, ఏం చేస్తుంటారు, ప్రయాణం ఎలా సాగింది. సమాచారం బాగానే అందింది. కానీ ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నది తక్కువ, తెర వంక చూసింది ఎక్కువ. మామూలు సమయానికి ముందే పడుకున్నాం.

మర్నాడు పొద్దున ఆయన నా భుజానికి వేలాడే సంచిని చూశాడు. దాని పట్టీ ఒకవైపు తెగితే ముడివేసి మోస్తున్నాను. ముడి విప్పి, పట్టీ అంచు వేళ్ళతో నలిపి చూసి, తల అడ్డంగా ఊపాడు. చేతి చక్రం ఉన్న పాత మిషన్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. తను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కుట్టిపెడతాడేమో అనుకున్నాను, ఊహూ. కుట్టవలసింది నేనే.

దారం ఎక్కించాను, పట్టీ పెట్టాను, చక్రం తిప్పాను. పైనుంచి చూస్తే కుట్టు చక్కగానే కనబడుతోంది. ఆయన గుడ్డ తిరగేశాడు. కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. కింద అలా వస్తే కింది దారం చుట్టి ఉండే బాబిన్‌దే తప్పనిపిస్తుంది ఎవరికైనా, నా వేలు కూడా అటే పోయింది. ఆయన ఆ వేలిని పట్టుకుని పైకి తెచ్చాడు. పైదారాన్ని బిగించి పట్టే రెండు చిన్న బిళ్ళలుంటాయి, వాటి మీద పెట్టాడు. దారం వాటి మధ్యలో కాకుండా అంచు మీద ఊరికే ఆనుకుని ఉంది. తర్వాత దారం మొత్తం లాగేసి, గుడ్డను నొక్కి పట్టే పాదాన్ని లివరుతో పైకి లేపాడు. బిళ్ళలు విడ్డాయి. పాదం దించాడు. మూసుకున్నాయి. మళ్ళీ లేపాడు, మళ్ళీ దించాడు, నా వంక చూశాడు. అంటే పాదం పైకి లేపి ఉన్నప్పుడే దారం ఎక్కించాలి, అప్పుడే అది లోపల కూర్చుంటుంది. ఒక్క మాట లేకుండా ఇంత పాఠం చెప్పిన మాస్టారు నాకు బళ్ళో కూడా దొరకలేదు.

రెండోసారి కుట్టు రెండువైపులా ఒకేలా వచ్చింది. అప్పుడు మొదలయ్యాయి మాటలు. నేను చక్రం తిప్పుతున్నాను, ఆయన పట్టీ నిటారుగా పట్టుకున్నాడు, ఇద్దరి కళ్ళూ సూది మీదే ఉన్నాయి. ఫోను పక్క గదిలో ఎక్కడో ఉండిపోయింది. తన ఇరవై ముప్పై మాటలతో, చేతులతో, అప్పుడప్పుడూ పెన్సిల్ గీతలతో ఆయన చెప్పిన కథ ఇది: ఉద్యోగం లిఫ్టులు బాగు చేయడం. ఆ పనిలో ఎంత బాగా చేసినా ఎవరూ గమనించరు, లిఫ్టు ఆగిపోయిన రోజే మనిషి గుర్తొస్తాడు. కుట్టుమిషన్ బాగు చేస్తే మాత్రం తెచ్చినవాళ్ళు అక్కడే కూర్చుని ఒక గుడ్డ ముక్క మీద కుట్టి చూసుకుని నవ్వుతారు. అందుకని ఇది. ముందు రాత్రి యాప్‌లో నేను ‘మీకు ఇదంటే ఎందుకు ఇష్టం’ అని అడిగితే వచ్చిన జవాబు ‘పాతవి బాగుంటాయి’ అని మాత్రమే.

ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు తెలుసుకోవడం చాలా కష్టమైన పని. ఇద్దరూ కలిసి మూడో వస్తువు వంక చూస్తుంటే అది దానంతట అదే జరుగుతుంది. ఆ మిషన్ చెక్క మూత లోపలివైపు అతిథుల పేర్లు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో లిపిలో. పక్కన వాళ్ళు ఏం కుట్టారో ఆయన గీసిన చిన్న బొమ్మ: చొక్కా, టోపీ, ఒక చోట గొడుగు. నా పేరు పక్కన సంచీ చేరింది. గొడుగును ఎలా కుట్టించాడో అడగడం మర్చిపోయాను, ఇప్పటికీ కుతూహలంగానే ఉంది.

ఇది ఆయన మంచితనం కదా, సెర్వాస్ గొప్పేమిటి అనవచ్చు. కొంతవరకు నిజమే. కానీ ఇదంతా జరిగింది రెండో రోజున. సెర్వాస్ ఆనవాయితీ రెండు రాత్రులు. హోస్టు తనంతట తాను ఉండమంటే తప్ప ఎక్కువ ఉండకూడదు, అడగనూ కూడదు. ఈ రెండన్న అంకె దగ్గర వాళ్ళ అనుభవం కనబడుతుంది. ఒక్క రాత్రికైతే మొహమాటంతోనే సరిపోతుంది, పొద్దున్నే మూట కట్టుకుని వెళ్ళిపోతాం. నాలుగు రాత్రులైతే ఆ ఇంటివాళ్ళు స్నానాల గది ఎప్పుడు ఖాళీ అవుతుందా అని గడియారం చూడటం మొదలుపెడతారు. రెండు రాత్రుల మధ్యలో ఒక నిండు పగలు ఉంటుంది. ఆ పగటిపూట వాళ్ళ మామూలు పనులు సాగవలసిందే కాబట్టి మనం వాటిలో కలిసిపోతాం. గిన్నెలు కడగడం, బజారు సంచి మోయడం, పిల్లల లెక్కలు చూడటం. ఇంటి పనిలో చెయ్యి వేసిన తర్వాతి రాత్రి మాటల తీరే మారిపోతుంది.

ఇప్పుడు ఇలాగే ఎవరింట్లోనో బస చూపించే యాప్‌ల సంగతి. న్యాయంగా మాట్లాడాలంటే వాటిలో పెద్దదైన కౌచ్‌సర్ఫింగ్ పుట్టుక కూడా ముచ్చటైనదే. కేసీ ఫెంటన్ అనే యువకుడికి ఐస్‌లాండ్‌కు చవకగా విమానం టికెట్ దొరికింది, అక్కడ దిగడానికి చోటు లేదు. ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు సుమారు 1,500 మందికి ఈమెయిల్ పెట్టాడు. మా ఇంటికి రమ్మంటే మా ఇంటికి రమ్మని బోలెడు జవాబులు వచ్చాయి. ఆ అనుభవం నుంచి పుట్టిన వెబ్‌సైటు 2004లో అందరికీ తెరుచుకుంది. లాభాపేక్ష లేని సంస్థగా మొదలై 2011లో వాణిజ్య సంస్థగా మారింది, 2020 మే నెలలో చాలా దేశాల సభ్యులకు రుసుము తప్పనిసరి చేసింది. అది నచ్చని వాళ్ళకు వేరే చోట్లున్నాయి. 2007లో వచ్చిన బీవెల్‌కమ్‌ను స్వచ్ఛంద సేవకులే నడుపుతారు, రుసుము లేదు. లిఫ్టు అడిగి తిరిగేవాళ్ళు ఎక్కువగా ఉండే ట్రస్ట్‌రూట్స్ 2014లో వచ్చింది. సైకిల్ మీద దూరాలు తిరిగేవాళ్ళ కోసం వార్మ్‌షవర్స్ 1993 నుంచే ఉంది. సైకిలు తొక్కేవాళ్ళయితే ఈ సమీక్ష ఇక్కడే ఆపి అందులో చేరండి. హోస్టుకూ అతిథికీ మధ్య ఆ మూడో వస్తువు, అంటే సైకిలు, ముందే సిద్ధంగా ఉంటుంది. గొలుసుకు నూనె రాస్తూ ఎవరితోనైనా మాట్లాడవచ్చు.

ఈ రకం సేవల్లో నాకు మింగుడుపడనిది రిఫరెన్సుల వ్యవహారం. ఉండి వెళ్ళాక ఒకరి గురించి ఒకరు రాసుకోవాలి. భద్రతకు అది అవసరమే, కాదనను. కానీ రాసినవి చదవండి: ‘చాలా మంచి మనిషి, గొప్ప సమయం గడిపాం, మళ్ళీ కలుద్దాం.’ అచ్చుగుద్దినట్లు అన్నీ ఇవే. నేను చేదు నిజం రాస్తే నా గురించి వాళ్ళూ రాస్తారన్న భయం అందరికీ ఉంటుంది. ఇద్దరూ రాసేదాకా ఒకరిది ఒకరికి కనబడకుండా దాచిపెట్టే పద్ధతి వచ్చినా, పొగడ్త అలవాటైన చేతులు పొగడ్తే రాస్తాయి. ఒక సేవలో, పేరు చెప్పను, మెచ్చుకోళ్ళు కుప్పలుగా పోసుకున్న ఒక హోస్టు దగ్గరికి వెళ్ళాను. బూట్ల లేసులు ఇంకా విప్పనేలేదు, తన గురించి రిఫరెన్సులో ఏయే మాటలు రాస్తే బాగుంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. ‘సాహసి’ అన్న మాట తప్పకుండా ఉండాలట. సాయంత్రమంతా నాతో ఫొటోలు తీసుకున్నాడు, నన్ను మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ రాత్రి నేను ఆయనకు మార్కులు వేసే పరీక్షకురాలినే తప్ప అతిథిని కాను.

సెర్వాస్‌లో వడపోత ముందు జరుగుతుంది, గడప అవతల. ప్రయాణికులనే కాదు, హోస్టులను కూడా ఇంటర్వ్యూ చేసే చేర్చుకుంటారు. కాబట్టి ఇంట్లోకి అడుగుపెట్టాక ఎవరూ ఎవరినీ మెప్పించనక్కరలేదు. ఆ తేడా గాలిలోనే తెలిసిపోతుంది. ఒకావిడ నేను వెళ్ళిన రోజు భర్తతో గొడవపడి ఉన్నారు, దాన్ని దాచే ప్రయత్నం కూడా చేయలేదు. “ఈ రోజు మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. నువ్వు ఇద్దరితోనూ మాట్లాడు” అన్నారు. మాట్లాడాను. రాత్రికి వాళ్ళిద్దరూ కలిసి నా ప్రయాణపు లెక్కల్లో తప్పులు పట్టేంత సఖ్యతకు వచ్చారు.

ఒంటరిగా తిరిగే ఆడపిల్లను కాబట్టి భద్రత గురించి సూటిగా చెబుతాను. ఇంటర్వ్యూ మంచి వడపోతే కానీ హామీ కాదు. సెర్వాస్ అయినా సరే, నా జాగ్రత్తలు నావి. ఇంట్లో ఇంకెవరున్నారో ముందే అడుగుతాను, అడిగినందుకు నొచ్చుకునేవాళ్ళ ఇంటికి వెళ్ళను. మొదటిసారి కలవడం నలుగురు తిరిగే చోట. చిరునామా, ఫోను నంబరు ఒక స్నేహితురాలి దగ్గర ఉంటాయి. దగ్గర్లో ఒక హాస్టల్ ఎక్కడుందో చూసిపెట్టుకుంటాను, ఆ రాత్రికి సరిపడా డబ్బు విడిగా ఉంచుకుంటాను. చేతిలో బయటపడే దారి ఉన్నప్పుడే మనసు విప్పి మాట్లాడగలం. గత్యంతరం లేక ఒకరి ఇంట్లో ఉంటే ప్రతి నవ్వూ అద్దె కట్టినట్లే ఉంటుంది.

రాత్రి ఉండటానికి మనసొప్పని వాళ్ళకు పగటి హోస్టులనే ఏర్పాటు ఉంది. ఇంట్లో పడక ఇవ్వలేని సభ్యులు పగలు కొంతసేపు కలిసి నడుస్తారు, ఊరు చూపిస్తారు, మాట్లాడతారు. దీన్ని తక్కువగా అంచనా వేస్తారు చాలామంది. బస వేరే చోట చూసుకుని వెళ్తే బేరమే లేని పరిచయం ఇది. వాళ్ళు మనకేమీ ఇవ్వడం లేదు, మనం వాళ్ళకేమీ బాకీ లేదు. అలాంటి ఒక పగటి హోస్టు నన్ను ఊళ్ళోని చూడదగ్గ చోట్లు వేటికీ తీసుకెళ్ళలేదు. తన పళ్ళ డాక్టరు దగ్గరికి తోడు రమ్మన్నాడు, ఒంటరిగా వెళ్ళాలంటే భయమట. వెయిటింగ్ గదిలో కూర్చుని మాట్లాడుకున్నంతసేపు నేను ఏ మ్యూజియంలోనూ ఏ మనిషితోనూ మాట్లాడలేదు.

ఇక లోపాలు, ఉన్నాయి. హోస్టుల్లో పెద్ద వయసు వాళ్ళు ఎక్కువ. పాతిక, ముప్పై ఏళ్ళ వాళ్ళ ఇళ్ళు వెతుక్కోవాలి. మీ ఈడు వాళ్ళతో అర్ధరాత్రి దాకా కబుర్లు కావాలంటే హాస్టలే మేలు. నాకు మాత్రం ఇది లోపంగా తోచలేదు. అరవై దాటిన వాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు నా ఈడు వాళ్ళకు తట్టవు, ‘మీ ఇంట్లో ఈ పాటికి ఎవరు ఏం చేస్తుంటారు’ లాంటివి. సభ్యులు ఒత్తుగా ఉన్న ప్రాంతాలు ఉన్నాయి, వెతికినా దొరకని ప్రాంతాలూ ఉన్నాయి. చాలామంది ముందుగా తెలియజేయమంటారు కాబట్టి, పొద్దున లేచి నాణెం ఎగరేసి దిక్కు నిర్ణయించుకునే బాపతు వాళ్ళకు ఇది కుదరదు. అన్నీ స్వచ్ఛందంగా నడిచేవే కావడంతో ఒక దేశంలో జవాబు చకచకా రావచ్చు, మరో దేశంలో ఆ పని చూసే మనిషికి తీరిక దొరికేదాకా ఆగాలి. సభ్యత్వ రుసుము కూడా దేశాన్ని బట్టి మారుతుంది.

ఇంకొకటి, ఇది సేవలో లోపం కాదు కానీ దాని మీద ఆధారపడే మనలో లోపం. ఒక ఇంటి నుంచి బయలుదేరి బస్సు ఎక్కగానే నాకు ఎప్పుడూ వచ్చే ఆలోచన: ఎక్కువ మాట్లాడానేమో, విసిగించానేమో, ఎప్పుడు వెళ్తానా అని చూశారేమో. దీని మీద ఎరికా బూత్‌బీ, గస్ కూనీ మొదలైన మనస్తత్వ పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొత్తవాళ్ళతో మాట్లాడాక, వాళ్ళకు మనం ఎంత నచ్చామో మనం తక్కువగా అంచనా వేసుకుంటామని అందులో తేలింది. ఇది తెలిశాక నేను చేసే పని ఒకటే. దిగిన వెంటనే, కృతజ్ఞతల వరసలు పక్కన పెట్టి, మాటల మధ్యలో తెగిపోయిన ఒక విషయం పట్టుకుని చిన్న ఉత్తరం రాస్తాను. ఆ గొడవపడ్డ దంపతులకైతే నా ప్రయాణపు లెక్క సరిచేసి పంపాను. మళ్ళీ తప్పని జవాబిచ్చారు, ఇద్దరూ విడివిడిగా.

అందరితోనూ ఇలా సాగదు, సాగించాలనీ లేదు. కొన్ని ఇళ్ళలో రెండు రాత్రులు మర్యాదగా గడిచి మర్యాదగానే ముగుస్తాయి. మాటలు కలవనప్పుడు పుస్తకం చదువుకుంటూ కూర్చున్న హోస్టును చూసి నేనూ నా పుస్తకం తీసిన సందర్భం ఉంది. అది కూడా హాయిగానే గడిచింది.

ఉచితంగా పడక కోసం చూసేవాళ్ళు ఇటు రాకండి. మీ ఖర్చు మాట ఎలా ఉన్నా, రెండు పూటలు మాటలు చెప్పాల్సి వచ్చినందుకు మీకు చికాకు, మీరు చెప్పనందుకు వాళ్ళకు చికాకు. తీరిక ఉండి, ముందుగా ఉత్తరం రాసే ఓపిక ఉండి, ఒకరి ఇంటి గిన్నెలు కడగడం నామోషీ అనుకోని వాళ్ళకు మాత్రం ఇంతకంటే మంచి సేవ నాకు తగలలేదు. ప్రయాణం తేదీలు ఖాయం కాకముందే దరఖాస్తు పెట్టుకోండి, ఇంటర్వ్యూకు సమయం పడుతుంది. పరుచుకునే దుప్పటి మీరే తీసుకెళ్ళండి. తెచ్చుకోమని కొందరు హోస్టులు తమ వివరాల్లోనే రాస్తారు, వాళ్ళు రాసింది చదవకుండా వెళ్ళినవాళ్ళు మొదటి రాత్రే దొరికిపోతారు.